గురువు స్వక్షేత్రమా, నీచనా? ఒకే బిడ్డకు రెండు జాతకాలు

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
మా బాబు 2020 నవంబర్ 16 పొద్దున ఏడున్నరకు కర్నూల్లోనే పుట్టినాడు. అప్పుడు రాయించిన జాతకంలో గురువు (బృహస్పతి) ధనుస్సులో స్వక్షేత్రం, అంటే సొంతింట్లో ఉన్నాడని, పైగా వర్గోత్తమం, అంటే రాశిలోనూ నవాంశలోనూ (రాశిని తొమ్మిది ముక్కలు చేసి వేసే చక్రం) అదే ఇంట్లో ఉన్నాడని ఉంది. మొన్న మా మామ వేరే సామి దగ్గర వేయిస్తే గురువు మకరంలో నీచ (బాగా బలం తగ్గే రాశి), నవాంశలోనూ నీచే, చదువు అబ్బదు, శాంతికి ముప్పై వేలు అన్నాడంట. రెండు రోజులుగా మా అత్త సరిగ్గా అన్నం తినడం లే. ఒకే గురువు రెండిండ్లలో ఎట్లుంటాడు?

పెన్న_ఒడ్డు (కడప):
అన్నా, ముందు ఆ సామి ఏ అయనాంశ పెట్టినాడో అడుగు. అయనాంశ అంటే రాశి లెక్క కోసం గ్రహం ఉన్న చోటులోంచి తీసేసే డిగ్రీలు. లాహిరి, రామన్ అని అందులో వేరే వేరే పద్ధతులు ఉన్నాయి. లాహిరి అయితే ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. రామన్ అయితే దానికన్నా దాదాపు డిగ్రీన్నర తక్కువ. అంటే రామన్ లెక్కలో ప్రతి గ్రహం డిగ్రీన్నర ముందుకు జరుగుతుంది. రాశి నడుమ ఉన్న గ్రహానికి ఏం కాదు. గట్టు మీద కూర్చున్న గ్రహం అవతలికి పడిపోతుంది.

సంకల్‌బాగ్_అక్క (కర్నూలు):
కర్నూల్లో ఉండి ఈ మాట అడుగుతావా నాయనా! గురువు మకరంలోకి వస్తేనే కదా మన తుంగభద్రకు పుష్కరం. కరోనా ఆంక్షల నడుమ నవంబర్ 20 మధ్యాహ్నం మొదలైనాయి, డిసెంబర్ 1 దాకా జరిగినాయి. నీ బిడ్డ అంతకు నాలుగు రోజుల ముందే పుట్టినాడు. అప్పటికి గురువు ధనుస్సు దాటలేదు. మీ అత్తకు ఈ ఒక్క మాట చెప్పి అన్నం పెట్టు.

ఆదోని_అయ్యోరు:
అక్క చెప్పిందే సరి. ఆ సామి లెక్కే నిజమైతే పుష్కరాలు వారం ముందే రావాల. ఆయన వారం ముందే పోయి మునిగొచ్చినాడేమో కనుక్కోండి.

రిటైరైనాక నాకు ఇదే కాలక్షేపం, కాబట్టి కాస్త వివరంగా చెప్తా. ఆ పొద్దున లాహిరి ప్రకారం గురువు ధనుస్సులో 29 డిగ్రీలు దాటి ఉన్నాడు. నవాంశ అంటే రాశిలో తొమ్మిదో వంతు, 3 డిగ్రీల 20 కళలు (డిగ్రీకి 60 కళలు). ధనుస్సులో చివరి నవాంశ ధనుస్సే, మకరంలో మొదటి నవాంశ మకరమే. అందుకే ఇటుంటే స్వక్షేత్ర వర్గోత్తమం, అడుగు అటేస్తే నీచ వర్గోత్తమం. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, గీత ఎక్కడ గీసినారన్నదే తేడా.

అయితే స్వక్షేత్రం అనగానే పొంగిపోవద్దు. గురువుకు పరమోచ్చ (బలం అన్నిటికన్నా ఎక్కువుండే చోటు) కర్కాటకంలో 5వ డిగ్రీ, పరమనీచ (అన్నిటికన్నా తక్కువుండే చోటు) మకరంలో 5వ డిగ్రీ. షడ్బలాల్లో (గ్రహబలం లెక్కగట్టే ఆరు కొలతలు) ఉచ్చబలం కట్టేటప్పుడు పరమనీచ నుంచి ఎంత దూరమో చూసి మూడుతో భాగిస్తారు. మీవాడి గురువు ఆరు డిగ్రీల దూరంలో ఉన్నాడు, అంటే 60కి 2 వస్తుంది. సొంతింట్లోనే ఉన్నాడు, చేతిలో మాత్రం చిల్లర! కానీ ఆ ఆరింట్లో ఒకటైన స్థానబలంలో ఉచ్చబలం ఒక భాగమే. ఇంకో భాగమైన సప్తవర్గబలంలో (ఏడు వర్గ చక్రాల్లో చూసే బలం) ఒక్క స్వక్షేత్రానికే 30 ఇస్తారు. వృశ్చిక లగ్నం కాబట్టి గురువు రెండు, అయిదు స్థానాలకు అధిపతి, రెండింట్లోనే ఉన్నాడు. వాక్కుకూ విద్యకూ ఇంతకన్నా ఏం కావాల?

శెనక్కాయల_రైతు (అనంతపురం):
ఏమప్పా, నీచ అంటే చాలు వణికిపోతారే! 1998 ఏప్రిల్ నుంచి 2000 జూన్ దాకా శని మేషంలోనే ఉన్నాడు. ఆ రెండేండ్లలో పుట్టినోళ్లందరికీ నీచ శనే. మా చిన్నోడూ అందులోనే పడినాడు. ఒక సంబంధం వాళ్లు ఇదే చెప్పి వద్దన్నారు. తీరా చూస్తే వాళ్ల పిల్లదీ అదే యేడు, శని మేషంలోనే! వాళ్ల జాతకం వాళ్లు చూసుకోనేలేదు.

పెన్న_ఒడ్డు (కడప):
😄 ఒకమాట అయ్యోరూ. వాదనకు మకరమే అనుకున్నా నీచభంగం (నీచ దోషం రద్దవడం) ఉంటుంది కదా? గురువు ఉచ్చ పట్టే కర్కాటకానికి చంద్రుడు అధిపతి. ఆ చంద్రుడు లగ్నంలో, అంటే కేంద్రంలోనే (1, 4, 7, 10 స్థానాల్లో ఒకటి) ఉన్నాడు. అట్లుంటే నీచ రద్దవుతుంది కదా.

ఆదోని_అయ్యోరు:
పట్టినావు. కానీ ఆ చంద్రుడు యాడున్నాడో చూసినావా? దీపావళి అయి రెండు రోజులు, అమావాస్య, పాడ్యమి దాటి విదియ, అనూరాధ. అంటే వృశ్చికం, చంద్రుడికి నీచ రాశి! పరమనీచ 3వ డిగ్రీ, అది ముందురోజే దాటినాడులే. గురువు నీచ తీర్చడానికి వచ్చినవాడే నీచలో కూర్చున్నాడు. రెండు జాతకాల్లో ఏ అయనాంశ పెట్టినా మారని నీచ ఇదొక్కటే, దాన్ని మాత్రం ఎవరూ అనలేదు.

అట్లని భయపడేదేం లేదు. చంద్రుడు నెలనెలా రెండుంబావు రోజులు వృశ్చికంలోనే ఉంటాడు. ఊర్లో పన్నెండు మందిలో ఒకరు ఆ లెక్కే.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
అక్క మాట చెప్పగానే అత్త లేచి కూర్చుంది. మామ ఆ సామికి ఫోన్ చేసి అయనాంశ అడిగినాడు. ఆయనకు తెలీదంట, సాఫ్ట్‌వేర్‌లో ఎట్లుందో అట్లే వేసినాడంట. మార్చి చూస్తే గురువు ధనుస్సులోకి వచ్చేసినాడు. శాంతి మాత్రం చేయించాల్సిందే అంటున్నాడు. ఈసారి చంద్రుడికంట, పదివేలు.