మతిమరుపు జబ్బు ఉన్న అత్తమ్మ: అన్నం ముందు పెట్టినా తినడం లేదు

ప్రశ్న (అనంతపురం): అత్తమ్మకు డెమెన్షియా. కంచం పెడితే చూస్తా కూర్చుంటాది. నోట్లో పెడితే బుగ్గనే పెట్టుకుంటాది. చారన్నానికి రోజూ పొలమారతాంది. సంగటి పెట్టొచ్చా?

జవాబు: అక్కా, ముందు కంచం మార్చండి. స్టీలు కంచం లైటు కింద మెరుస్తుంది, తెల్ల ప్లేటులో తెల్లన్నం కలిసిపోతుంది. కళ్లు బాగున్నా మెదడు వాటిని విడదీసి పోల్చుకోలేదు. ఎరుపో నీలమో, పూలబొమ్మలు లేనిది తీసుకోండి. పూలుంటే వాటినే ఏరుతూ కూర్చుంటారు. పప్పన్నం అయ్యాకే పెరుగన్నం వడ్డించండి. టీవీ ఆపి, మీరూ ఎదురుగా కూర్చుని తినండి. చేయి కదలకపోతే ముద్ద ఆమె చేతికిచ్చి, మోచేతి కింద పట్టుకుని నోటిదాకా తీసుకెళ్లండి. రెండు ముద్దలయ్యాక కొందరికి పాత అలవాటు గుర్తొస్తుంది.

ఇంకో జవాబు (మింగడం గురించి): చారన్నమే అసలు చిక్కు. మెతుకులు నోట్లో ఉండగానే చారు గొంతులోకి జారిపోతుంది. గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్లు పోసి ఉడికించి, పప్పుతో మెదిపి, చెంచా వంచినా కారిపోనంత చిక్కగా పెట్టండి. కరివేపాకు, మిరపముక్కలు తీసేయండి. సంగటిని మనవైపు నమలరు, మింగుతారు. ఇక్కడ అదే ప్రమాదం. గట్టి ముద్ద వద్దే వద్దు. నూకల్లేకుండా, మెత్తగా, చెంచా నుంచి కారిపోకుండా కలిపి, నెయ్యి వేసి, అర చెంచా చొప్పున పెట్టండి. ఉగ్గాని (బొరుగుల ఉప్మా), వేరుశనగ పలుకులు, ఎండిన జొన్నరొట్టె మానేయండి.

మంచం మీద ఆనించి పెట్టకండి. కుర్చీలో నిటారుగా, గడ్డం కొంచెం కిందికి. మీరు నిలబడి తినిపిస్తే ఆమె తల పైకెత్తుతుంది, అప్పుడు ఊపిరిగొట్టంలోకి పోయే వీలెక్కువ. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి. పొలమారగానే మాడు మీద తట్టి నీళ్లు తాగించే అలవాటు వదలండి, ముందు దగ్గనివ్వండి. దగ్గు, మాట రెండూ రాకపోతే ముందుకు వంచి వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మొదలుతో గట్టిగా చరుస్తూ, పక్కవాళ్లతో 108కి చేయించండి.

ప్రశ్న: బుగ్గన ఉంచుకుంటే వేలు పెట్టి తీయాలా?

జవాబు: వద్దు, కొరుకుతారు. ఖాళీ చెంచా పెదవికి తాకిస్తే మింగడం గుర్తొస్తుంది. అది దిగాకే తర్వాతి ముద్ద. చివర్లో నోరు తెరిపించి టార్చితో చూడండి.

ఇంకొకరు: ఉన్నట్టుండి తిండి మానేస్తే మొండితనం అనుకోవద్దు. నోటిపూత, కట్టుడుపళ్లు, మలబద్ధకం, కొత్త మాత్ర, ఈ నాలుగూ చూడండి. తిన్నాక గొంతు గురగురమంటున్నా, మాటిమాటికీ జ్వరం వస్తున్నా న్యూరాలజీ డాక్టరుకు చూపించి, మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి రాయించుకోండి. రోజూ పొలమారుతోంది అంటున్నారు కాబట్టి మీరైతే ఈ వారమే వెళ్లండి.