యుద్ధం నడుస్తుండగా పిల్లల్ని జపోరిజియా అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళొచ్చా?

డ్నీపర్_గట్టు
సెలవులు దగ్గర పడ్డాయంటే ఈ ప్రశ్న లేస్తుంది. ఉక్రెయిన్ ఊళ్ళు జపోరిజియాలోనో డ్నిప్రోలోనో డాక్టరీ చదివి అక్కడి అమ్మాయిని చేసుకున్న మనవాళ్ళు ఇప్పుడు జర్మనీలోనో హైదరాబాద్‌లోనో ఉన్నారు. అత్తగారు మాత్రం అక్కడే ఉండిపోయింది. చర్చ గాల్లో నడవకుండా ఒక కుటుంబాన్ని అనుకుందాం. తండ్రిది ఇండియన్ పాస్‌పోర్టు, తల్లిది ఉక్రెయిన్ పాస్‌పోర్టు. పాపకి 4 ఏళ్ళు, బాబుకి 9. అమ్మమ్మకి 68, ఉండేది సోవియట్ కాలం నాటి తొమ్మిదంతస్తుల ప్యానెల్ బిల్డింగ్‌లో (రెడీమేడ్ కాంక్రీట్ పలకలతో కట్టింది) ఏడో అంతస్తు. వెళ్ళాలా, వద్దా? సొంత కథలు వద్దు, లెక్కలు చెప్పండి.

గోదారి_ఈతగాడు
వద్దు. కారణం టైమ్.

దక్షిణాన ఫ్రంట్ లైన్ ఆ ఊరికి 30 కి.మీ. లోపే ఉంది. పేలుడు మందు మోసుకొచ్చి పడే షాహెద్ డ్రోన్ గంటకి 180 కి.మీ. అటూ ఇటూ వేగంతో వస్తుంది కాబట్టి కీవ్‌లోనో ల్వీవ్‌లోనో సైరన్ మోగాక పిల్లల్ని లేపి కిందికి దింపేంత వ్యవధి దొరుకుతుంది. జపోరిజియా మీద పడేవి అవి మాత్రమే కావు. 2024 సెప్టెంబర్ నుంచి గ్లైడ్ బాంబులు (రెక్కలతో గాల్లో జారుతూ వచ్చేవి) నేరుగా ఊళ్ళో పడుతున్నాయి. విమానం యాభై అరవై కి.మీ. దూరంలో వదిలేసి వెనక్కి తిరుగుతుంది, నాలుగైదు నిమిషాల్లో బాంబు వచ్చి పడుతుంది. నేల మీది గురికి వాడే ఎస్-300 క్షిపణి అయితే పేలిన తరవాత సైరన్ మోగడం కూడా ఉంది.

ఇప్పుడు ఆ ఫ్లాట్ చూడండి. అక్కడ గ్రౌండ్ ఫ్లోర్‌నే ఒకటో అంతస్తు అంటారు, అంటే ఏడోది మన లెక్కలో ఆరోది. దిగాల్సినవి పన్నెండు మెట్ల వరుసలు. లిఫ్ట్ ఎక్కకూడదు, కరెంట్ పోతే అందులోనే ఇరుక్కుంటారు. అలా ఇరుక్కున్నవాళ్ళ కోసం లిఫ్టుల్లో నీళ్ళ సీసా, బిస్కెట్లు, టార్చి పెట్టిన డబ్బా ఉంచడం యుద్ధం మొదలయ్యాక మామూలైపోయింది. జనవరి రాత్రి నిద్రలో ఉన్న నాలుగేళ్ళ పిల్లకి స్వెటర్, కోటు, బూట్లు తొడిగేసరికే రెండు మూడు నిమిషాలు. మెట్లకి ఇంకో మూడు. అప్పటికి బాంబు పడిపోయి ఉంటుంది.

వరంగల్_పోరడు
అన్నా, మీ లెక్క కిందికి ఉరికెటోళ్ళకే వర్తిస్తది. అక్కడోళ్ళు ప్రతి సైరన్‌కి సెల్లార్ల దిగరు, దిగలేరు గూడ. రెండు గోడల పద్ధతి ఉన్నది: బయటి గోడ దెబ్బ తింటది, లోపలి గోడ ముక్కల్ని ఆపుతది. ఆ రెండింటి వెనక, కిటికీ కనవడని కారిడార్ల పరుపులేసి పిల్లల్ని రాత్రి అక్కడ్నే పండవెడ్తరు. ఇగ నిద్ర లేపే పనే ఉండదు. కిటికీలకు ఫిల్మ్ అంటిస్తరు, పగిలినవాటికి ఓఎస్‌బీ (చెక్క ముక్కలు అతికించి చేసిన) పలకలు కొడ్తరు. ఫోన్ల ఎయిర్ అలర్ట్ యాప్ పెట్టి జిల్లా ఎంచుకుంటె సరి, ఫోన్ సైలెంట్ల ఉన్నా మోగేటట్టు సెట్ చేస్కోవచ్చు.

యుద్ధానికి ముందు ఏడు లక్షల జనమున్న ఊరది. జపోరిజ్‌స్టాల్ ఉక్కు ఫ్యాక్టరీ ఇంక నడుస్తున్నది, భూమి కింద బళ్ళు కట్టి పిల్లలకు పాఠాలు చెప్తున్నరు. వాళ్ళు పిల్లలు కారా? వారం రోజులు అమ్మమ్మను చూసొస్తే కొంపలు మునిగిపోతయా?

గోదారి_ఈతగాడు
తమ్ముడూ, రెండు గోడలు ఆపేది అద్దం ముక్కల్ని, ఇనుప తునకల్ని. బిల్డింగే కూలితే ఏదీ ఆపదు. 2023 జనవరి 14న డ్నిప్రోలో క్షిపణి పడ్డది సరిగ్గా ఇలాంటి తొమ్మిదంతస్తుల ప్యానెల్ ఇంటి మీదే. ఫ్లాట్ల వరుస నిలువునా కుప్పకూలి 46 మంది పోయారు. 2025 జనవరి 8న జపోరిజియాలో పట్టపగలు గ్లైడ్ బాంబులకి 13 మంది.

ఇంకోటి. చాలామంది బాత్‌రూమ్‌లో దాక్కోవచ్చనుకుంటారు. అక్కడ టైల్స్, అద్దం, సింకు పగిలి కత్తుల్లా ఎగురుతాయి. కారిడారే నయం.

అక్కడి పిల్లల సంగతంటారా, వాళ్ళకి అది ఇల్లు. తప్పనిసరై ఉన్నవాళ్ళు, తోచక వెళ్ళేవాళ్ళు ఒకటి కాదు కదా.

కాగితాల_కరణం
బాంబుల సంగతి మీరు తేల్చండి. దానికంటే ముందు కాగితాల దగ్గరే చాలామంది ప్రయాణాలు ఆగిపోతాయి.

2022 ఫిబ్రవరి 24 నుంచి ఉక్రెయిన్ మీద పౌర విమానాలు లేవు. పోలండ్‌లోని క్రాకోవ్‌లో దిగి, రైల్లో మూడు గంటలు ప్రయాణించి సరిహద్దు ఊరు ప్షెమిషల్ చేరి, అక్కడ పాస్‌పోర్ట్ క్యూ దాటి, కీవ్ వరకు ఒక రాత్రి, కీవ్ నుంచి జపోరిజియాకి ఇంకో ఏడెనిమిది గంటలు. దారిలో అలర్టులు వస్తే రైలు ఆగుతుంది. ఒక వైపుకే రెండు రోజులు వేసుకోండి. వారం సెలవులో నాలుగు రోజులు రైళ్ళకే పోతాయి.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు చేసే పెద్ద తప్పు సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా. పోలండ్‌లో అడుగుపెట్టగానే ఒక ఎంట్రీ అయిపోతుంది. ఉక్రెయిన్‌లోకి దాటాక మళ్ళీ పోలండ్‌లోకి రావాలంటే రెండోది కావాలి, లేకపోతే విమానాలు లేని దేశంలో చిక్కుకుపోతారు. అడిగేటప్పుడే డబుల్ లేదా మల్టిపుల్ అడగండి. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళకి ఈ బెడద లేదు, కానీ అది ఉక్రెయిన్ వీసాకి బదులు కాదు.

తండ్రి ఇండియన్ పౌరుడిగానే ఉంటే బయటికి రావడానికి అడ్డు లేదు. అదే ఎప్పుడో ఉక్రెయిన్ పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం అడుగు పెట్టే ముందు వందసార్లు ఆలోచించాలి. మార్షల్ లా కింద మగవాళ్ళకి దేశం దాటనివ్వని నిబంధన 18 నుంచి 60 ఏళ్ళ వరకు. 2025 ఆగస్టులో 18 నుంచి 22 ఏళ్ళ వాళ్ళకి సడలించారు. 18 దాటని పిల్లలు ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే తండ్రికి మినహాయింపు, ఇద్దరు చాలరు. తల్లి ఉక్రెయిన్ పౌరురాలైతే పిల్లల్ని కూడా తమ పౌరులుగానే చూస్తారు. తొమ్మిదేళ్ళ బాబుకి ఇప్పుడు ఏమీ కాదు. అదే పదిహేడేళ్ళ కుర్రాడైతే సైన్యం రిజిస్టర్‌లో పేరు ఎక్కాల్సిన వయసు, వాణ్ణి తీసుకెళ్ళే ముందు అక్కడి లాయర్‌ని అడిగి తీరాలి.

పిల్లల జనన ధ్రువపత్రానికి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి వేసే అధికారిక ముద్ర), ఉక్రెయిన్ భాషలోకి అనువాదం, ఒక్కరే తీసుకెళ్తే రెండోవాళ్ళ నోటరీ అంగీకార పత్రం. ఇక మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో యుద్ధాన్ని మినహాయిస్తూ ఒక వాక్యం ఉంటుంది, వెతికి చదవండి. యుద్ధ ప్రమాదం కవర్ చేసే పాలసీ విడిగా కొనాలి.

మన ఎంబసీ 2022 అక్టోబర్‌లో వారం తిరగకుండా రెండుసార్లు హెచ్చరించింది: వెళ్ళొద్దు, ఉన్నవాళ్ళు వచ్చేయండి అని. 2022లో మనవాళ్ళని వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ ఉందిగా అని ధీమా వద్దు. ఆ 90 విమానాలు ఎగిరింది పోలండ్, రొమేనియా, హంగరీ లాంటి పక్క దేశాల నుంచి. జపోరిజియా నుంచి సరిహద్దు దాకా వెయ్యి కి.మీ. పైన, అదంతా ఎవరికి వారే రావాలి.

చీరాల_గాలి
అణు విద్యుత్ కేంద్రం మాట ఎవరూ ఎత్తరేం? అది ఉన్న ఎనర్హొదార్ జపోరిజియాకి 50 కి.మీ. అయోడిన్ మాత్రలు పట్టుకెళ్తే సరిపోతుందా? పిల్లలకి ఎంత వేయాలి?

ఐసోటోప్
డోసు ముందు చెప్తా. పొటాషియం అయోడైడ్ నెల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకి 32 మి.గ్రా., 3 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి 65, పెద్దలకి 130. మీ ఇద్దరు పిల్లలకీ 65 చొప్పున. అధికారులు వేసుకోమన్నప్పుడే వేయాలి. నలభై దాటినవాళ్ళకి సాధారణంగా అవసరం పడదు. టించర్ అయోడిన్ తాగించడం లాంటివి చేయకండి, గొంతు, పొట్ట కాలతాయి.

కానీ ఇక్కడ అసలు సంగతి వేరు. ఆ మాత్ర థైరాయిడ్‌ని రియాక్టర్‌లో పుట్టే రేడియోధార్మిక అయోడిన్-131 నుంచి కాపాడుతుంది, అంతే. అయోడిన్-131 సగం అవడానికి 8 రోజులు, 80 రోజుల్లో వెయ్యో వంతుకి దిగుతుంది. ఆ కేంద్రంలోని ఆరు రియాక్టర్లూ 2022 సెప్టెంబర్ నుంచి విద్యుత్ ఉత్పత్తి ఆపేశాయి. రియాక్టర్ నడవకపోతే కొత్త అయోడిన్ పుట్టదు, పాతది ఎప్పుడో హరించుకుపోయింది. మళ్ళీ నడిపితే లెక్క మారుతుంది. అంతవరకు అక్కడ భయపడాల్సింది ఏళ్ళ తరబడి ఉండే రేడియోధార్మిక సీజియం గురించి, వాడేసిన ఇంధనాన్ని చల్లబరిచే నీళ్ళు, కరెంట్ గురించి. 2023 జూన్ 6న కఖోవ్కా డ్యామ్ కూలి జలాశయం ఖాళీ అయ్యాక బావులు తవ్వి ఆ నీళ్ళు నింపుతున్నారు. సీజియానికి ఈ మాత్ర పనిచేయదు. తలుపులు మూసి లోపల ఉండటం, వెళ్ళమన్నప్పుడు వెళ్ళడమే.

నన్నడిగితే ఈ ప్రయాణంలో అణు కేంద్రం పదో భయం. మొదటి తొమ్మిదీ గ్లైడ్ బాంబులే.

మధ్యేమార్గం
జపోరిజియా వద్దు సరే. అమ్మమ్మనే డ్నిప్రోకి రమ్మంటే? ఉత్తరాన రోడ్డు మీద ఎనభై కి.మీ., గంటన్నర. అక్కడ మెట్రో ఉంది, షెల్టర్‌గా తెరుస్తారు. గ్లైడ్ బాంబుల బెడద తక్కువ. పెద్ద ఆసుపత్రులూ అక్కడే.

గోదారి_ఈతగాడు
ఆ మెట్రోకి ఉన్నవి ఆరు స్టేషన్లు, ఒకటే లైను. మీరు దిగే అపార్ట్‌మెంట్ దాని పక్కనే ఉంటే తప్ప లెక్కలోకి రాదు. డ్నిప్రో మీదకి బాలిస్టిక్ క్షిపణులు వస్తాయి, వాటికి దొరికేదీ నిమిషాలే. పశ్చిమాన ఇనుప ఖనిజం ఊరు క్రివీ రిహ్ చూడండి. ఫ్రంట్ అక్కడికి మరీ దగ్గరేం కాదు. 2025 ఏప్రిల్ 4 సాయంత్రం ఆటస్థలం పక్కన క్షిపణి పేలి 9 మంది పిల్లలు పోయారు. ఈ ఇనుము, ఉక్కు ఊళ్ళన్నీ ఒకే వలయంలో ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే ప్రమాదం తగ్గుతుందేమో, పిల్లల్ని తీసుకెళ్ళేంత తగ్గదు.

వరంగల్_పోరడు
మరి అమ్మమ్మ పక్షవాతంతోని మంచంల ఉంటే? రైలెక్కించలేం కద. చూడకుండనే ఉండమంటారా?

మధ్యేమార్గం
అప్పుడు తల్లి ఒక్కతే వెళ్ళాలి. పిల్లలు తండ్రితో ఉంటారు. నేను డ్నిప్రోకి రమ్మన్నది ఆరోగ్యంగా ఉన్న అమ్మమ్మ విషయంలో.

వరంగల్_పోరడు
గది ఒప్పుకుంట. పిల్లల ముచ్చట పక్కకు పెట్టి, ఒక్కతే పోయే ఆమెకు పనికొచ్చేవి చెప్త.

పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్‌ది (74 వాట్ అవర్) చాలు, 100 వాట్ అవర్ దాటితె ఎయిర్‌లైన్ అనుమతి అడగాలె. కరెంట్ కోత క్యూల (ఇళ్ళను విడగొట్టిన గుంపుల) ప్రకారం ఉంటది, 1.1 నుంచి 6.2 దాక నంబర్లు. అమ్మగారి ఇల్లు ఏ క్యూనో ముందే అడిగి పెట్టుకో. కరెంట్ పోతె పంపు ఆగి పై అంతస్తులకు నీళ్ళెక్కవు, అందుకే టబ్బుల నీళ్ళు పట్టి ఉంచుతరు. మంచంల ఉన్న మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు కావాల్నో లెక్కేసి పట్టు. హెడ్‌ల్యాంప్ తీస్కపో, మెట్లెక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగుంటయి. టోర్నికే (నెత్తురు ఆపనీకి చెయ్యికో కాలుకో బిగించే పట్టీ) కొంటె నకిలీ కొనకు, బిగిస్తుంటె కడ్డీ విరుగుతది. బిగించిన టైమ్ దాని మీద రాయాలె.

ఊరు దాటితె తారు రోడ్డు దిగొద్దు. స్టెప్పీల పొలాల మధ్య గాలి ఆపనీకి చెట్లు వరసగ నాటిన్రు, పొసాద్కా అంటరు. చూస్తె నీడగ మంచిగ కొడ్తది, మూత్రానికని పోబుద్ధయితది. మందుపాతరలు, కందకాలు ఎక్కువ ఉండేది గా చెట్లలనే. బ్లాక్‌పోస్ట్ (సైన్యం చెక్‌పోస్ట్) ఫొటో, బాంబు పడ్డ చోటు ఫొటో తియ్యొద్దు, కేసయితది.

చీరాల_గాలి
ఒక మాట. రష్యా ఆక్రమించిన మెలితోపోల్, మరియుపోల్‌లో బంధువులున్నవాళ్ళు రష్యా మీదుగా వెళ్ళొచ్చని కొందరు సలహా ఇస్తున్నారు.

కాగితాల_కరణం
ఇవ్వకూడని సలహా. ఆక్రమిత ప్రాంతంలోకి రష్యా వైపు నుంచి వెళ్ళడం ఉక్రెయిన్ చట్టానికి విరుద్ధం. తరవాత ఉక్రెయిన్‌లోకి రానివ్వకపోవచ్చు. తల్లి ఉక్రెయిన్ పాస్‌పోర్టుతో అయితే మాస్కోలో షెరెమెత్యెవో దగ్గరే గంటల తరబడి ప్రశ్నలు, ఫోన్ వెతకడం. అక్కడ మన ఎంబసీ చేసేదీ ఏమీ ఉండదు.

డ్నీపర్_గట్టు
మరి నడవగలిగే అమ్మమ్మని బయటికి రప్పించడం ఎలా? "నా ఇల్లు, నా తోట, నేను రాను" అనేవాళ్ళే ఎక్కువ.

కాగితాల_కరణం
"వచ్చెయ్" అంటే రారు. "మూడు వారాలు పిల్లల్ని చూసి వెళ్ళు" అంటే వస్తారు, పైగా చట్టం కూడా దానికి సరిపోతుంది. బయోమెట్రిక్ పాస్‌పోర్ట్ ఉన్న ఉక్రెయిన్ పౌరులు 2017 నుంచి షెంగెన్‌లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు. ఆడవాళ్ళకి సరిహద్దులో ఆంక్ష లేదు, తాతగారు 60 దాటితే ఆయనకీ లేదు. వచ్చాక మనసు మారితే యూరప్‌లో తాత్కాలిక రక్షణ 2027 మార్చి దాకా పొడిగించారు. ఆమె వచ్చేది కూడా అవే రైళ్ళలో, అయితే ప్రమాదంలో ఉండేది ఒక్క పెద్దామె, అదీ ఊరు వదిలి పడమటికి వచ్చే దారిలో. పిల్లలిద్దరూ క్రాకోవ్‌లో ఎదురు చూస్తుంటారు.

ఒక్క చిక్కు. ఆ వయసు వాళ్ళలో చాలామంది దగ్గర లోపలి గుర్తింపు పుస్తకమే ఉంటుంది, విదేశీ పాస్‌పోర్ట్ ఎప్పుడూ తీసుకుని ఉండరు. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి స్వయంగా ఆఫీసుకి వెళ్ళాల్సిందే, కూతురు ఫోన్‌లో చేసిపెట్టే పని కాదు. పాత పుస్తకంలో ఫొటో వయసుకి తగ్గట్టు మార్చి అంటించారో లేదో చూసుకోమనండి. 45 నిండాక కొత్త ఫొటో అంటించకపోతే ఆ పుస్తకమే చెల్లదంటారు, ముందు అది సరిచేయాలి. పాస్‌పోర్ట్ చేతికి వచ్చేదాకా క్రాకోవ్ టికెట్లు కొనకండి.