ఏడేళ్ల పిల్లాడికి పాలపన్ను పుచ్చింది. బాగు చేయించాలా, ఊడేదాకా ఆగాలా?

పటమట నాన్న:
మావాడు రెండో తరగతి. కింద ఎడమ దవడలో రెండు పళ్లు పుచ్చాయి. మొన్న ఒకదాంట్లో జామగింజ ఇరుక్కుని రాత్రంతా ఏడుపు. పుచ్చు నరం దాకా వెళ్లింది, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నారు డాక్టరు. మా అమ్మేమో "ఊడిపోయే పంటికి వేలు పోస్తావా" అంటోంది. మీరేమంటారు?

గుంటూరు మిరపకాయ్:
అమ్మగారి మాటే వినండి. మా పెద్దదానికి వదిలేశాం, ఊడి కొత్తవి వచ్చాయి. ఈ రోజుల్లో నోరు తెరిస్తే బిల్లే.

బ్రాడీపేట టీచర్:
ఊగుతున్న ముందు పన్నయితే వదిలేయండి, నేనూ ఒప్పుకుంటాను. దవడ పాలపళ్లు అలా కాదండీ. అవి పది పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. ముందే పీకిస్తే వెనక పన్ను జరిగి, రాబోయేదానికి చోటుండదు. అలాగే వదిలేసి చీము పడితే, లోపల తయారవుతున్న కొత్త పన్నుకీ దెబ్బే. మా క్లాసులో ఒక పాప అన్నం మొత్తం కుడి పక్కనే నములుతుంది. బెల్లు కొట్టేసరికి బాక్సులో సగం అలాగే ఉంటుంది.

సత్తెనపల్లి అమ్మమ్మ:
మేం కోటప్పకొండ తిరునాళ్లలో జీడీలు నమిలినవాళ్లమే. మాకు పుచ్చలేదేం?

బ్రాడీపేట టీచర్:
తిరునాళ్లు ఏడాదికోసారి కదమ్మా! ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట పైనే పడుతుంది. గంటకో బిస్కెట్ ఇస్తే ఇక పంటికి తెరిపెక్కడ? పంచదార పాలు తాగి అలాగే పడుకుంటే మరీ ఘోరం, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది.

గుంటూరు మిరపకాయ్:
సరే, బ్రష్ చేయిద్దాం. కానీ ఫ్లోరైడ్ పేస్ట్ వద్దు. కనిగిరి వైపు జనం పళ్లకీ ఎముకలకీ ఫ్లోరైడ్ చేసిన పని చూశాం.

బ్రాడీపేట టీచర్:
అక్కడిది ఏళ్ల తరబడి తాగిన బోరు నీళ్ల సంగతి. పేస్ట్ ఉమ్మేస్తాం కదా. బఠానీ గింజంత చాలు, మింగకుండా పక్కన మీరు నిలబడండి. ఏడెనిమిదేళ్ల దాకా బ్రష్ మన చేతిలో ఉంటేనే నయం.
పటమట నాన్నగారూ, ఒకటి చూడండి. ఆరో ఏట అన్నిటికంటే వెనక ఒక దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి పాలపన్నే అనుకుంటాం. అది పోతే మళ్లీ రాదు.

పటమట నాన్న:
ఇప్పుడే చూశాం. అమ్మ సెల్ లైటు పట్టుకుంది. చివర కొత్త పన్ను సగమే పైకొచ్చింది, గాడి నిండా బిస్కెట్ పిండి. సాయంత్రం తిన్నది! అమ్మే బ్రష్ తెచ్చి తోమింది. క్యాప్ సంగతి మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు.