సమస్య: "దిద్దువాడు లేక దిద్దబడియె"

హనుమకొండ నుంచి నిర్వాహకుడు: మన సమస్యాపూరణకు ఈ వారం ఇచ్చింది ఆటవెలది పద్యం నాలుగో పాదం, ముందు మూడు పాదాలు సభ్యులు రాయాలి. చెప్పేవాళ్లు ఎవరూ లేకుండా రోజూ రాసుకుంటూ పోతే పద్యం బాగుపడుతుందా? ఆ కోణంలో పూరించమన్నాను. చాలామంది ఏకలవ్యుడినే పట్టుకున్నారు. వాటిలో ఒకటి:

పరకాల సభ్యుడు:
మట్టి బొమ్మ ముందు మనసుతో నిలుచుండి
బాణవిద్య నేర్చెఁ బట్టుదలను
అడవిబిడ్డ చేతి యమ్ము తానె గురువు
దిద్దువాడు లేక దిద్దబడియె

నిర్వాహకుడు: మూడో పాదం చాలా బాగుంది తమ్ముడూ. కానీ "మనసుతో" ఎందుకు? యతికి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవాలన్న నియమానికి, 'మ' కావాలి కాబట్టి వచ్చింది. తీసేసి చూడు, అర్థంలో ఏమీ తగ్గదు.

జనగామ సభ్యురాలు:
గణము తప్పెనంచు గంట కొట్టెను చెవి
యతియు జారెనంచు నదియె చెప్పె
ప్రతిదినమ్ము వ్రాయ పద్యమ్ము తానుగా
దిద్దువాడు లేక దిద్దబడియె

ఛందస్సే దిద్దుతుంది సారూ. వేళ్ల మీద గణాలు, అంటే గురు లఘు అక్షరాల గుంపులు, లెక్కపెట్టుకుంటే తప్పెక్కడో తెలిసిపోతుంది. వచనం రాసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. మా జిల్లా బమ్మెర పోతన తన భాగవతం స్కంధాల చివరి గద్యల్లో 'సహజపాండిత్య' (ఒకరు నేర్పకుండా అబ్బిన పాండిత్యం) అనే చెప్పుకున్నాడు కదా.

నిర్వాహకుడు: ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇదే అక్కా, వ్యర్థపదం ఒక్కటీ లేదు. అయితే ఆ పోతనే భాగవతం మొదట్లో నన్నయను, తిక్కనను తలుచుకున్నాడు. ముందు వాళ్లను చదివిన చెవి అది. చదవని చెవి ఏ గంటా కొట్టదు.

మంథని సభ్యుడు:
తప్పు జూపువారు తోడు లేకున్నచో
తప్పె యొప్పు లాగ తలకు నెక్కు
ఏండ్లు వ్రాసి వ్రాసి యెవ్వాడు చెప్పుమా
దిద్దువాడు లేక దిద్దబడియె?

నిర్వాహకుడు: సమస్యను ప్రశ్నగా తిప్పేశారు, భేష్! మొదటి పాదం మాత్రం చూడండి. 'త'కు 'తో' యతి చెల్లదు. హల్లు కలిస్తే చాలదు, అచ్చూ కలవాలి. "తోడు లేకున్నచో" బదులు "దాపులో లేకున్న" అంటే సరిపోతుంది, 'త', 'ద' ఒకే వర్గం కాబట్టి యతి కలుస్తుంది. మీరు ఇంతకుముందు పంపిన పద్యాల్లోనూ ఇదే ఉంది. రోజూ రాయడం వల్ల మీకు ధార వచ్చింది, నడక ఎక్కడా తడబడదు. ఈ తప్పు కూడా ఆ నడకతోపాటే అలవాటైపోయింది.

జనగామ సభ్యురాలు: అంటే చెవి తనకు తెలిసిన తప్పునే పట్టుకుంటుంది. తెలియని నియమం దగ్గర మౌనంగా ఉంటుంది. "మనసుతో" లాంటివాటిని నేనైతే నా పద్యంలో అసలు గుర్తుపట్టేదాన్ని కాదేమో.

నిర్వాహకుడు: అవునక్కా, గణం తప్పితే పద్యం కుంటుతుంది, వినబడుతుంది. వ్యర్థపదం పడితే నడక ఇంకా సాఫీగా ఉంటుంది. దాన్ని పక్కవాళ్లే చెప్పాలి.

పరకాల సభ్యుడు: "మట్టి బొమ్మ ముందు మధ్యరాత్రియు నిల్చి" అంటే ఎలా ఉంటుంది సారూ?

నిర్వాహకుడు: ఇప్పుడు సాధన కళ్లకు కడుతోంది. రెండో పాదంలో "పట్టుదలను" సంగతీ చూడు. మధ్యరాత్రి నిలబడ్డాడంటే పట్టుదల మళ్లీ చెప్పనక్కర్లేదు.