పెద్ద బ్లేడ్ ఒకే ముక్కగా రావాలా, రెండు ముక్కలుగా తెచ్చి సైట్‌లో కలపాలా?

గాలివాటం:
గాలితో కరెంటు తీసే టర్బైన్ల టవర్ల త్రెడ్‌లో మాట్లాడుకుంటూ బ్లేడ్ (టర్బైన్ రెక్క) దగ్గరికొచ్చి ఆగిపోయాం, అందుకే ఇది విడిగా పెడుతున్నా. నేల మీద నిలబెట్టే టర్బైన్లకే ఇప్పుడు 80 మీటర్లు దాటిన బ్లేడ్‌లు వస్తున్నాయి. ఫ్యాక్టరీలోనే రెండు ముక్కలుగా చేసి సైట్‌లో కలిపితే రోడ్డు మీద తేవడం తేలిక. 158 మీటర్ల రోటర్ (బ్లేడ్‌లు తిరిగే చక్రం) ఉన్న సైప్రెస్ మోడల్‌లో జీఈ కంపెనీ చేసింది అదే. నా ఓటు ముక్కలకే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బోల్టు బాబాయ్:
కాదనేవాణ్ణి నేనే. నా పని మెయింటెనెన్స్. ఒక చిన్న లెక్క చూడు అబ్బాయ్. రోటర్ నిమిషానికి 10 సార్లు తిరుగుతుందనుకో. ఏడాదికి 52 లక్షల చుట్లు, 20 ఏళ్లకు 10 కోట్ల పైమాటే. ప్రతి చుట్టులోనూ బ్లేడ్ సొంత బరువే దాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచుతుంది. సరిగ్గా అక్కడ నువ్వు జాయింట్ పెడతానంటున్నావు. రవాణా తిప్పలు ఒక్కసారే, జాయింట్ తిప్పలు టర్బైన్ ఉన్నన్నాళ్లూ.

మూలమలుపు:
ఆ ఒక్కసారి ట్రైలర్ వెనక నడిచి చూశారా బాబాయ్? నేను నడిచా. ముందున్న డ్రైవర్‌కు వెనక ఏం జరుగుతోందో కనపడదు. వెనక చక్రాలను ఒక మనిషి నడుస్తూ రిమోట్‌తో తిప్పుతాడు. ఓ రాత్రి 58 మీటర్ల బ్లేడ్, ఒక మలుపులో మొన అవతలి గట్టుకు జానెడు దూరంలో ఆగిపోయింది. ముందుకీ వెనక్కీ మూడు గంటలు. చివరికి రెండు కరెంటు స్తంభాలు పీకి, బండి దాటాక మళ్లీ పాతారు.

బ్లేడ్ లిఫ్టర్ బండి ఉంది కదా అంటారేమో. అది బ్లేడ్ మొదలు (హబ్‌కు, అంటే రోటర్ నడిమి భాగానికి బిగించే లావు కొస) పట్టుకుని మొనను బాగా పైకి లేపుతుంది, కొండ దారుల్లో అక్కరకొస్తుంది. కానీ గాలి లేస్తే బండి ఆపాలి, పైన తీగలుంటే దించాలి. మనం వెళ్లేదేమో గాలి బాగా వీచే చోటికే!

స్రవంతి:
బాబాయ్ గారూ, చుట్ల లెక్క కరెక్టే. కానీ జాయింట్ ఎక్కడ పెట్టారన్నది చూడాలి. నేను బ్లేడ్ డిజైన్‌లో ఉన్నాను, మా టెన్షనంతా అక్కడే. బ్లేడ్‌ను వంచే బలం మొదలు దగ్గర ఎక్కువ, మొన వైపు పోయేకొద్దీ బాగా తగ్గుతుంది. అందుకని మొన వైపు కోద్దామనిపిస్తుంది. అక్కడ బ్లేడ్ పలచన, బోల్టులకు చోటుండదు. జాయింట్ బరువు హబ్‌కు దూరంగా పోతుంది కాబట్టి మొదలు దాన్ని కూడా మోయాలి. పైగా కోసింది పొట్టి ముక్కయితే మిగిలింది పొడుగే, రోడ్డు మీద ఒరిగేదేమీ లేదు. మొదలు వైపు కోస్తే చోటు దొరుకుతుంది, భారం మాత్రం విపరీతం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఎనర్‌కాన్ కంపెనీ ఈ-126 టర్బైన్‌లో బ్లేడ్ లోపలి ముక్కను స్టీలుతో చేశారు. గమేసా కంపెనీ జీ128 టర్బైన్‌లో 62.5 మీటర్ల బ్లేడ్‌ను రెండు ముక్కలుగా చేసి బోల్టులతో కలిపారు. ఈ దారి తెలిసి ఇన్నేళ్లయినా అందరూ ఇటు రాలేదు.

గాలివాటం:
మరి టవర్‌ను ముక్కలు చేస్తే ఎవరూ కాదనరేం? వెస్టాస్ కంపెనీ లావుపాటి అడుగు భాగాన్ని నిలువునా మూడు చెక్కలుగా తెచ్చి సైట్‌లో బిగిస్తోంది. మాక్స్ బోగల్ వాళ్లు కాంక్రీటు రింగులు పేరుస్తారు. స్వీడన్‌లో మోద్వియన్ కంపెనీ 2023లో చెక్క ముక్కలు అతికించి 105 మీటర్ల టవరే లేపింది.

బోల్టు బాబాయ్:
టవర్ వేరు అబ్బాయ్. వంతెనల కింద పట్టాలంటే దాని వ్యాసం సుమారు నాలుగున్నర మీటర్లు దాటకూడదు, ఇంకా లావు కావాలంటే చీల్చక తప్పదు. పైగా అది కదలకుండా నిలబడి ఉంటుంది, నిచ్చెనెక్కి ఎప్పుడంటే అప్పుడు బోల్టు చూసుకోవచ్చు.

బ్లేడ్ లోపలికి ఎప్పుడైనా దూరావా? హబ్‌లోంచి మోకాళ్ల మీద వెళ్లాలి. హెడ్‌ల్యాంప్ వెలుగు, ఫైబర్ దుమ్ము, రెజిన్ వాసన. కొంత దూరం పోయాక పాకడానికి కూడా చోటుండదు, భుజాలు తగులుతాయి. అక్కడ బోల్టు బిగించే టార్క్ రెంచ్ ఎలా తిప్పాలి? బయటి నుంచి చూడాలంటే తాడు మీద దిగాలి, గాలి తగ్గేదాకా కూర్చోవాలి. ఒక సైట్‌లో మాకు మూడు బోల్టులు తెగి కనిపించాయి. అవి జాయింట్‌వి కూడా కావు, చేతికందే మొదలు బోల్టులే. అయినా టర్బైన్ తొమ్మిది రోజులు ఆగింది.

గాలివాటం:
బోల్టులొద్దు, జిగురుతో అతికిస్తే?

స్రవంతి:
అతికించొచ్చు. కానీ జిగురు సరిగా గట్టిపడాలంటే వేడి, తేమ అదుపులో ఉండాలి. ఫ్యాక్టరీలో ఉండే ఆ అదుపును కొండ మీద టెంట్‌లోకి తేవాలి. తర్వాత అల్ట్రాసౌండ్‌తో లోపల ఖాళీలు లేవని చూసుకోవాలి. ఉంటే? బోల్టయితే విప్పి మళ్లీ బిగిస్తాం, జిగురును విప్పలేం. పిడుగు సంగతి సరేసరి, పిడుగును నేలకు దించడానికి మొన నుంచి దిగే కండక్టర్ తీగ జాయింట్ దగ్గర ఎక్కడా తెగకుండా దాటాలి.

మూలమలుపు:
సముద్రంలో పెట్టేవాళ్లకు ఈ గొడవే లేదు. జీఈ సముద్రపు టర్బైన్ హేలియేడ్-ఎక్స్ బ్లేడ్ 107 మీటర్లు, ఒకే ముక్క. ఫ్యాక్టరీ ఫ్రాన్స్‌లోని షేర్‌బోర్గ్‌లో రేవు పక్కనే, నేరుగా ఓడెక్కుతుంది. నేల మీదే చావు. అమెరికాలో రాడియా అనే కంపెనీ 105 మీటర్ల బ్లేడ్‌ను మోసే విమానమే కడతానంటోంది.

బోల్టు బాబాయ్:
చూశారా! బ్లేడ్ కోయడం కన్నా విమానం కట్టడమే నయమని ఒకళ్లకు తోచింది.

గాలివాటం:
😄 సరే, ఓటు మార్చను గానీ కొంచెం సవరిస్తా. ముందు దారి సర్వే చేయాలి. ఒకే ముక్క వెళ్లగలిగితే అదే పంపాలి. వెళ్లలేని చోట మన ముందున్నవి రెండే దారులు: ముక్కల బ్లేడ్, లేదా చిన్న టర్బైన్. రోటర్ వ్యాసం పది శాతం తగ్గితే అది గాలిని పట్టే వైశాల్యం 19 శాతం పోతుంది. ఏటా అంత కరెంటు వదులుకోవడం కన్నా బోల్టులు చూసుకోవడం మేలు కాదా బాబాయ్?

బోల్టు బాబాయ్:
చూసేది నువ్వు కాదుగా. సరే, వెళ్లలేని చోట అంటే ఒప్పుకుంటా, ఒక షరతు మీద. జాయింట్ పక్కన బయటి నుంచి తెరిచే మూత ఉండాలి.

స్రవంతి:
మూతంటే అక్కడ ఇంకో కన్నం బాబాయ్ గారూ. దాని చుట్టూ మళ్లీ పొరలు వేయాలి, మళ్లీ బరువు.

బోల్టు బాబాయ్:
వేయండమ్మా. ఆ బరువుకు మాత్రం నేను అడ్డు చెప్పను.