అప్‌డేట్: సీఎస్‌వీ ఫైల్లో కనబడని మూడు బైట్లు దొరికాయి

నా సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడదీసిన పట్టిక) మొదటి కాలమ్ పేరు ‘ఐడీ’ అని కళ్ల ముందే ఉన్నా, నా స్క్రిప్ట్ మాత్రం ఆ కాలమే లేదంటోందని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఫైల్‌ని హెక్స్‌డంప్‌లో (ఫైల్లోని బైట్లను హెక్సాడెసిమల్ అంకెల్లో చూపించే కమాండ్) పెట్టి చూశాను. మొదట ‘బీబీఈఎఫ్ 69బీఎఫ్’ అని వచ్చింది, ఏమీ అర్థం కాలేదు. ఉత్త హెక్స్‌డంప్ నా మెషిన్‌లో బైట్లను రెండేసి చొప్పున తిరగేసి చూపిస్తుందట! ఒక గంట దానికే పోయింది. పెద్ద సీ ఆప్షన్ (-C) ఇచ్చాక వరస కుదిరింది: ఈఎఫ్ బీబీ బీఎఫ్, ఆ తర్వాతే 69 64, అంటే ‘ఐడీ’. ముందున్న మూడూ యూటీఎఫ్-8 బామ్, అంటే ఫైల్ యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఉందని చెప్పడానికి మొదట్లో పెట్టే గుర్తు. దాన్ని కూడా కాలమ్ పేరులో కలిపేసుకోవడం వల్లే స్క్రిప్ట్‌కు ‘ఐడీ’ దొరకలేదు. ఎడిటర్‌లో అసలు కనబడదు. టెయిల్ కమాండ్‌తో నాలుగో బైట్ నుంచి కొత్త ఫైల్లోకి తీశాను, స్క్రిప్ట్ నడిచింది. ఎక్స్‌ఎక్స్‌డీ (xxd, ఇలాంటిదే ఇంకో కమాండ్) వాడమన్నవాళ్లకు థ్యాంక్స్, అది ఏ ఆప్షనూ లేకుండానే సరైన వరసలో చూపించింది.