షియోన్ కోట: పెద్దవాళ్లతో వెళ్తే వర్తేనా?

గోదారి_గట్టు:
మేలో అమ్మానాన్నలతో స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. అందరూ మంచు కొండలే చూడమంటున్నారు కానీ నాన్నకి కోటలంటే పిచ్చి. జెనీవా సరస్సు ఒడ్డున మోంట్రో దగ్గర షియోన్ కోట ఉంది కదా, లోపల నిజంగా చూసేదేమైనా ఉందా, బయట ఫొటో దిగి వచ్చేస్తే సరిపోతుందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు.

కొండపల్లి_బొమ్మ:
ఫొటో దిగి వచ్చేయకండి బాబూ, అసలు సంగతంతా లోపలే ఉంది. నేలమాళిగ నుంచి మొదలుపెట్టండి. ఒక పక్క గోడ అంటే కొండరాయే, కోటని దాని మీదే కట్టేశారు. సవోయ్ దొరల్ని (అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలినవాళ్లు) ఎదిరించిన బొనివార్ అనే జెనీవా ఆయన్ని అక్కడ 1530 నుంచి 1536 దాకా బంధించి ఉంచారు, చివరికి బెర్న్ సైన్యం కోట పట్టుకున్నాకే బయటపడ్డాడు. ఆ కథ మీదే ఇంగ్లిష్ కవి బైరన్ 1816లో కవిత రాశాడు. ఒక స్తంభం మీద బైరన్ పేరు చెక్కి ఉంటుంది, జనం అక్కడే గుంపుకడతారు. నాకైతే అంతకంటే పాతకాలపు మరుగుదొడ్లు నచ్చాయి, చెక్క బల్లకి కన్నాలు, కింద నేరుగా సరస్సే!

ఓరుగల్లు_పోరడు:
నాకు అంత అనిపించలే. గదులు చాలావరకు ఖాళీ, రాజభోగం ఊహించుకుని పోతే నిరాశే.

కొండపల్లి_బొమ్మ:
@ఓరుగల్లు_పోరడు అది రాజభోగం కోసం కట్టింది కాదు కదండీ. ఆల్ప్స్ దాటి ఇటలీ వెళ్లే దారి కొండకీ నీళ్లకీ మధ్య అక్కడే ఇరుకైపోతుంది, సవోయ్ దొరలు అక్కడ కూర్చుని సుంకం వసూలు చేసుకున్నారు. అందుకే రోడ్డు వైపు బాణాలు వేసే సన్నటి సందులు, సరస్సు వైపు పెద్ద పెద్ద కిటికీలు. అది గమనిస్తూ తిరిగితే ఖాళీ గదులు కూడా బోర్ కొట్టవు.

గోదారి_గట్టు:
థాంక్సండీ, నాన్నకి ఇది చెప్తే ఆగరు. మరి మెట్లు?

ఓరుగల్లు_పోరడు:
మెట్లు మస్తుగా ఉంటయ్ అన్నా, నేల కూడా ఎగుడుదిగుడు. అమ్మని బురుజు ఎక్కించకు, ముంగిళ్లు, కింది హాళ్లు చూపించు చాలు. మోంట్రో నుంచి 201 బస్సు కోట దగ్గరే ఆగుతది. స్విస్ ట్రావెల్ పాస్ (రైళ్లు, బస్సులు, పడవలు అన్నిట్ల తిరిగే టూరిస్టు పాస్) ఉంటే కోట టికెట్ కొనక్కర్లే, అందులోనే వస్తది. సరస్సుల పడవ కూడా అదే పాస్ మీద ఎక్కొచ్చు, కాకపోతే టైమింగ్స్ ముందురోజే చూస్కో.